గడప లేని ఇంటికి వెళ్లిన దేవుడు

మా నాయనమ్మ ఆకెళ్ళ భ్రమరాంబగారు. వేసవి వచ్చిందంటే ఊరి బయట రెండు దారులు కలిసే చోట పందిరి వేయించి, బండ్లు తోలుకొని వచ్చేవారికి తన చేతులతో మజ్జిగ పోసేవారు. ఆ మజ్జిగలో ఉప్పూ అల్లమూ తక్కువైతే ఆ రోజు ఇంటిల్లిపాదీ మాట పడవలసిందే. మా మాతామహులు పేరి సుబ్బావధానులుగారు. కంటిచూపు లేని ఒక పెద్దమనిషికి వ్యాకరణం యావత్తూ నోటిమాటగా చెప్పి, పండితుడిని చేసి పంపారు. ఆయన వద్ద ఒక పండు కూడా పుచ్చుకోలేదు. మా అమ్మ జ్ఞానప్రసూనాంబగారు పాత చీరలు కలిపి బొంతలు కుట్టేవారు. ఏ వీధిలో బిడ్డ పుట్టినా, ఎవరి బిడ్డ అని అడగకుండా, ఒక బొంత పంపేవారు.

వీరి పేర్లు తలచుకోకుండా నేను కథ మొదలుపెట్టను. పిల్లలూ, కాళ్లు ముడుచుకొని సరిగా కూర్చోండి. ఇది నాయనమ్మ నాకు చెప్పిన కథ. ఇందులో నవ్వు కొంచెమే ఉంటుంది. ఉన్నంతవరకు నవ్వండి.

ఒకప్పుడు దేవుడి ఇల్లు నేలమీదనే ఉండేది. గోదావరి పాయ ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి చివరి వీధిలో చివరి ఇల్లు ఆయనది. మట్టిగోడలు, తాటాకు కప్పు, వాకిట్లో ఒక కపిలగోవు. అన్ని ఇళ్లకూ ఉన్నట్టే ఆ ఇంటికీ పసుపు పూసిన గడప ఉండేది.

ఆకాశం కూడా అప్పుడు ఇంత ఎత్తున లేదు. తాటిచెట్టు ఎక్కి చెయ్యి చాస్తే అందేది. చెట్టు ఎక్కినవారు తలగుడ్డ విప్పి దాని అంచుకు తగిలించేవారు.

“నేనేమైనా మీ ఇంటి దండెమా?” అని ఆకాశం కసురుకొనేది. అయినా ఆ గుడ్డను కింద పడనిచ్చేది కాదు.

తెల్లవారగానే దేవుడు రేవుకు వెళ్లేవాడు. నీళ్లకు వచ్చిన ఆడవారికి కడవలు నెత్తికి ఎత్తిపెట్టేవాడు.

“ఏమయ్యా, లోకమంతా నువ్వే మోస్తున్నావంటారు. ఒక్క కడవ ఎత్తమంటే సగం నీళ్లు నా వీపున పోశావే!” అని ఒకామె దెప్పేది.

“లోకం తొణకదమ్మా. నీ కడవే తొణుకుతుంది” అనేవాడు దేవుడు.

“అవునవును. చేసిన కుమ్మరి గురవయ్యను అను, మోసే నన్ను అను. నీ చేతులకు మాత్రం ఏ పాపమూ లేదు!”

రేవంతా ఘొల్లున నవ్వేది. అందరికంటె ముందు దేవుడే నవ్వేవాడు.

ఊళ్లో ఏ ఇంట బిడ్డ పుట్టినా, మంత్రసాని కడిగి ఇచ్చిన వెంటనే ఎత్తుకొనేది దేవుడే. ఆ బిడ్డ చెవిలో ఏదో చెప్పేవాడు. ఏమి చెప్పేవాడో పెద్దలకు తెలియదు. బిడ్డ మాత్రం ఏడుపు ఆపి నవ్వేది.

ఏ ఇంట చావు జరిగినా అక్కడికీ ఆయనే వెళ్లేవాడు. మాట్లాడేవాడు కాదు. గోడకు ఆనుకొని, ఏడ్చేవారి పక్కన కూర్చొనేవాడు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. దేవుడే కదా, చావును ఆపవచ్చును కదా అంటారు. ఆయన చావుకు ఒక మాట ఇచ్చాడు. “నీవు ఏ ఇంటికి వెళ్లినా నేను అడ్డు రాను. ఒక ఇంటికి అడ్డు వచ్చి మరొక ఇంటికి రాకపోతే లోకంలో న్యాయం మిగలదు” అన్నాడు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంది.

ఆ ఊరికి పెద్ద పేరిందేవమ్మ. ఊరి కట్టుబాట్లన్నీ ఆమె నాలుక చివర ఉండేవి. ఏ పని ఎలా చేయాలో ఆమె చెప్పిన తరువాత మరొకరు నోరెత్తేవారు కాదు. దేవుడిని ఆమె “తమ్ముడూ” అని పిలిచేది. దేవుడు ఆమెను “అక్కా” అనేవాడు. ఆమె భర్త పోయినప్పుడు, చీకటిగదిలో ఒంటరిగా ఉన్న ఆమె పక్కన వచ్చి కూర్చున్నది ఆ తమ్ముడొక్కడే.

ఆ కట్టుబాట్లలో మైల ఒకటి. ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఇంటివారికి కొన్నాళ్లు మైల. ఆ రోజులలో వారు ఇతరుల గడప తొక్కరాదు. ఎవరినీ తాకరాదు. వారిని కూడా ఎవరూ తాకరాదు. ఆ రోజులు తీరి, తలంటుకొని, ఇల్లు కడుగుకొన్న తరువాతనే వారు మళ్లీ నలుగురిలో కలవాలి.

ఇలా ఉండగా ఒక ఏడు గోదావరికి పెద్ద వరద వచ్చింది. ఎక్కడిదో ఒక పడవ బోల్తాపడింది. అందులోనివారందరూ పోయారు. ఒక పసిపిల్ల మాత్రం చెక్కముక్కను కరచుకొని రేవుకు కొట్టుకొని వచ్చింది. కడవలు ఎత్తడానికి వెళ్లిన దేవుడు ఆ రోజు పిల్లను ఎత్తుకొని ఇంటికి వచ్చాడు.

ఆ పిల్లకు గువ్వ అని పేరు పెట్టాడు. వండి పెట్టాడు. తల దువ్వాడు. జడ వేయడం మాత్రం ఆయనకు చేతకాలేదు.

“తమ్ముడూ, అది జడా, పలుపుతాడా? ఇలా పంపించు” అని పేరిందేవమ్మ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని జడ వేసేది.

గువ్వకు మాటలు వచ్చాయి. దేవుడి భుజంమీద కూర్చొని ఊరంతా తిరిగేది. ఒకనాడు అడిగింది.

“నాన్నా, నీకు నాన్న ఎవరు?”

“నాకెవరూ లేరమ్మా.”

“అమ్మ?”

“అమ్మా లేదు.”

గువ్వ ముందుకు వంగింది. ఆయన తలను రెండు చేతులతో పట్టుకొని, “పోనీలే నాన్నా, నేనున్నాను కదా” అంది.

దేవుడితో అంతవరకు ఆ మాట అన్నవారు లేరు. అందరూ “నువ్వున్నావు కదా” అనేవారే.

ఆ వానకాలం గువ్వకు జ్వరం వచ్చింది. పేరిందేవమ్మ శొంఠి అరగదీసి నుదుట పట్టు వేసింది. గురవయ్య కొత్త కుండలో చల్లని నీళ్లు తెచ్చిపెట్టాడు. కపిలగోవు మేత మాని కిటికీ దగ్గర నిలబడింది. జ్వరం దిగలేదు.

“నీ బిడ్డే కదయ్యా! నువ్వు దేవుడివి కదయ్యా! కాపాడుకోరాదూ?” అని గురవయ్య ఏడ్చాడు.

దేవుడు తల వంచుకొన్నాడు. “నీ కొడుకు పోయిననాడు నేను ఇచ్చిన మాటకు కట్టుబడి ఊరుకొన్నాను, గురవయ్యా. నా బిడ్డకోసం ఆ మాట తప్పితే నీ ముఖం ఎలా చూడను?”

గువ్వ కళ్లు తెరిచి, “నాన్నా, చెయ్యి వదలకు” అంది.

“వదలనమ్మా.”

ఆయన వదలలేదు. పొద్దెక్కేసరికి ఆ చిన్న చెయ్యే వదిలింది.

ఊరంతా రేవు దగ్గరకు వచ్చింది. ఏటి ఒడ్డున ఇసుకలో పిల్లను పెట్టారు. ఏడవనివారు లేరు. అందరూ ఏటిలో మునిగి, తడిబట్టలతో ఇళ్లకు వెళ్లారు. దేవుడు ఒక్కడే తన ఇంటికి వెళ్లాడు. అక్కడ చిన్న చాప పరచే ఉంది.

ఆ మైల రోజులలోనే పేరిందేవమ్మ కోడలు అచ్చమాంబకు నొప్పులు వచ్చాయి. ఆమెకు పుట్టింట ఎవరూ లేనందున పురుడు అత్తవారింటనే పోస్తున్నారు. ఇరుగుపొరుగువారు అరుగుమీద కూడారు.

“దేవుడిని పిలవాలి కదమ్మా?” అన్నాడు గురవయ్య.

“ఆయన మైలలో ఉన్నాడు” అంది పేరిందేవమ్మ.

“ఆయన తాకితే మన మైల పోతుందంటారే! ఆయనకు మైల ఏమిటమ్మా, విడ్డూరం కాకపోతే?”

“విడ్డూరమేముంది? పిల్లను పెంచుకొన్నాడా, లేదా? తన చేతులతో మట్టి ఇచ్చాడా, లేదా? ఇన్నాళ్లూ ఇతరుల ఇళ్లకు వెళ్లి కూర్చున్నాడంటే అది పరుల మైల, ఆయనకు అంటలేదు. ఇది సొంత మైల. నాకొక న్యాయమూ, తమ్ముడికొక న్యాయమూనా? ఆయనే ఒప్పుకోడు.”

దేవుడు న్యాయం తప్పడని అందరికీ తెలుసు.

అంతలో లోపల బిడ్డ ఏడ్చింది. మగపిల్లవాడు. ఆ ఏడుపు చివరి వీధి చివరి ఇంటికి వినిపించింది. దేవుడు లేచాడు. కండువా కూడా వేసుకోకుండా పరుగెత్తుకొని వచ్చాడు. గడప ముందు ఆగి, రెండు చేతులూ చాచాడు.

“అక్కా, బిడ్డను ఒక్కసారి ఇలా అందించు.”

“తమ్ముడూ, అక్కడే ఉండు. గడప తొక్కకు.”

“తొక్కను. ఇక్కడినుంచే ఎత్తుకొంటాను. నా చేతులు ఖాళీగా ఉన్నాయక్కా. ఇంట్లో ఉండలేకపోతున్నాను.”

“నాకు మాత్రం కడుపు తరుక్కుపోవడం లేదనుకొన్నావా? మైల తీరనీ. నేనే వస్తాను, మేళం పెట్టి పిలుస్తాను. ఇప్పుడు మాత్రం దూరం, నాయనా, దూరం!”

ఆమె తలుపు వేసింది. తలుపు లోపల కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. బయట ఉన్నవాడికి మాత్రం మూసిన తలుపే కనబడింది.

దేవుడు వీధివెంట నడిచాడు. ఆయన వస్తుంటే తలుపులు ఒక్కొక్కటే మూసుకొన్నాయి. చప్పుడు కాకుండా, మర్యాదగానే మూసుకొన్నాయి. రేవు దగ్గర ఆయనను దెప్పే ఆడమనిషి విస్తరిలో అన్నం తెచ్చి, దూరంగా నేలమీద పెట్టి, వెనక్కి జరిగింది. ఆమె ముఖమంతా కన్నీళ్లే. అయినా వెనక్కే జరిగింది.

ఆయన ఇంటికి వచ్చి వాకిట్లో కూలబడ్డాడు.

“నేను నాకగలను గాని ఒళ్లో కూర్చోబెట్టుకోలేను కదా” అని కపిలగోవు ఆయన చెయ్యి నాకింది.

అప్పుడు ఆకాశం తాటిచెట్ల మీదినుంచి తొంగిచూసింది.

“ఏమయ్యా, నిన్ను ఎవరూ తాకడం లేదా?”

“మైలవాడిని” అన్నాడు దేవుడు.

“మీ ఊరి చితుల పొగ అంతా వచ్చి తగిలేది నా ఒంటికే. ఇన్నాళ్లలో ఒక్కరైనా నన్ను స్నానం చేయమన్నారా? నా ఇంటికి గడప లేదు. తలుపు లేదు. వచ్చి కూర్చో.”

దేవుడు లేచి గోవు పలుపు విప్పాడు. చిన్న చాపను చుట్టి చంకన పెట్టుకొన్నాడు. ఎవరైనా పిలుస్తారేమోనని ఒకసారి వీధివైపు చూశాడు. వీధి ఖాళీగా ఉంది.

ఆకాశం తన అంచును నేలదాకా దించింది. ఆయన ఎక్కి, దాని ఒళ్లో తల పెట్టుకొన్నాడు. బిడ్డ పోయిన తరువాత మొదటిసారి బిగ్గరగా ఏడ్చాడు. ఊరిమీద వాన పడింది. ఊరివారు బయటకు వచ్చి, ఆరవేసిన బట్టలు తీసుకొని లోపలికి వెళ్లారు.

మైల తీరే రోజు వచ్చింది. పేరిందేవమ్మ అన్న మాట ప్రకారం మేళం పెట్టించింది. వీధులు ఊడిపించింది, ముగ్గులు పెట్టించింది. కొత్త పంచెలచాపు పళ్లెంలో పెట్టుకొని, ఊరంతా వెంట రాగా చివరి ఇంటికి వెళ్లింది.

“తమ్ముడూ, శుద్ధి అయింది. ఇక రావచ్చు. బిడ్డ నీకోసం చూస్తున్నాడు.”

పొయ్యి చల్లగా ఉంది. గోవు లేదు. కప్పుమీద ఒక కాకి మాత్రం ఉంది.

“ఎవరికోసం?” అంది కాకి. “ఆయన వెళ్లిపోయాడు. ఊళ్లో చోటు లేదట. అదుగో, అక్కడ ఉన్నాడు.” ముక్కుతో ఆకాశాన్ని చూపింది.

ఊరివారు తలలెత్తారు. అప్పటిదాకా తాటిచెట్లను తాకుతూ ఉన్న ఆకాశం ఎంతో ఎత్తుకు వెళ్లిపోయింది. పొలాల అవతల మాత్రం దాని అంచు నేలను ఆనుకొని ఉంది.

“అక్కడ అందుతుంది, పదండి!” అని గురవయ్య పరుగెత్తాడు. మేళంవారు మేళం వదిలి పరుగెత్తారు. పేరిందేవమ్మ పళ్లెం పట్టుకొని, ముసలికాళ్లతో వెనక పరుగెత్తింది. పొలాలు దాటారు. పడవలెక్కి ఏరు దాటారు. వారు ఎంత ముందుకు వెళితే ఆకాశం అంచు అంత వెనక్కి వెళ్లింది.

“ఎందుకమ్మా, అలా జరిగిపోతావు?” అని పేరిందేవమ్మ రొప్పుతూ అడిగింది.

“నా ఇంట్లో మైలవాడు ఉన్నాడు, పెద్దమ్మా. మీకు తగలకూడదు కదా. అందుకే జరుగుతున్నాను” అంది ఆకాశం.

“మైల తీరింది! ఈ రోజుతో తీరింది! తమ్ముడూ, నువ్వే చెప్పు!”

అప్పుడు పైనుంచి దేవుడి గొంతు వినిపించింది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉన్నా బాగుండేదని పేరిందేవమ్మకు అనిపించింది.

“గువ్వ మైల తీరిందక్కా. నిన్న ఏటి అవతల ఒక ముసలి పడవవాడు పోయాడు. వాడూ నా బిడ్డే. ఈ పొద్దున కొండవెనుక ఒక బాలింత పోయింది. ఆమె కూడా నా బిడ్డే. రేపు పోయేవారూ నా బిడ్డలే. ఇన్నాళ్లూ మీ ఇళ్లలో గోడకు ఆనుకొని కూర్చున్నానే, అది పరుల మైల అనుకొన్నావా? నీ భర్త పోయిననాడు నీ పక్కన కూర్చున్నవాడు చుట్టపుచూపుగా వచ్చినవాడు కాదక్కా. నాకూ ఆ రోజు సొంత మైలే. ఒక మైల తీరకముందే నాకు మరొకటి వస్తుంది. మీ కట్టుబాటు ప్రకారం నేను మీ గడప ఎప్పుడు తొక్కవచ్చునో నువ్వే చెప్పు.”

అందరూ పేరిందేవమ్మవైపు చూశారు. కట్టుబాటు చెప్పవలసినది ఆమె. దాన్ని తీసివేయగలిగినదీ ఆమె. “మైలతోనే రా, తమ్ముడూ” అంటే చాలు. ఆ ఒక్కమాట కోసమే పైన ఆకాశం కూడా కదలకుండా ఆగింది.

పేరిందేవమ్మ నోరు తెరిచింది. ఆ మాట ఆమె గుండెలో ఉంది, గొంతులో ఉంది. నాలుక మీదికి మాత్రం రాలేదు. తల్లి చెప్పినది, తల్లికి ఆమె తల్లి చెప్పినది, తాను ఊరందరికీ చెప్పినది, ఆ నాలుకకు అడ్డుపడింది.

దేవుడు చాలాసేపు ఎదురుచూశాడు. తరువాత ఆకాశం మెల్లగా మరికొంత వెనక్కి జరిగింది.

పేరిందేవమ్మ పళ్లెం నేలమీద పెట్టి, పొలంగట్టున కూలబడి, కొంగు కప్పుకొని ఏడ్చింది. ఆమె పక్కన ఎవరు కూర్చోవాలో ఊరివారికి తెలియలేదు. అంతకుముందు ఆ పని చేసేవాడు ఒకడుండేవాడు.

ఊళ్లో అచ్చమాంబ పురిటిగదిలో ఒంటరిగా ఉంది. ఆ ఊళ్లో పురిటి మైల తల్లికీ బిడ్డకూ మాత్రమే. వారిని కూడా ఎవరూ తాకరు. పుట్టిననాటినుంచి బిడ్డ ఏడుస్తూనే ఉన్నాడు. ఎత్తుకొని చెవిలో చెప్పవలసినవాడు రాలేదు కదా. ఆకాశం నుంచి వచ్చిన ఆ గొంతు ఆమెకూ వినిపించింది. ఆమె బిడ్డను తీసుకొని పెరటిలోకి వచ్చింది. రెండు చేతులతో పైకి ఎత్తింది.

“మామయ్యగారూ, మేమిద్దరమూ మైలలోనే ఉన్నాము. మా దగ్గరికి రావడానికి మీకు అడ్డేమీ లేదు. వీడిని చూడండి.”

పైనుంచి ఎవరూ దిగినట్టు ఆమెకు కనబడలేదు. గాలి కూడా వీచలేదు. కాని బిడ్డ ఏడుపు ఆపాడు. కళ్లు విప్పి, తల్లి ముఖాన్ని దాటి, ఎంతో పైకి చూశాడు. ఎవరో చెవిలో చెబుతున్నట్టు ఆలకించాడు. నవ్వాడు.

అచ్చమాంబ కూడా తల ఎత్తి చూసింది. ఆమెకు ఉత్త ఆకాశమే కనబడింది.

అప్పటినుంచే ఎంత దూరం నడిచినా ఆకాశం అంచు మనకు అందదు. అప్పటినుంచే పసిబిడ్డలు పడుకొని పైకి చూసి, మనకు కనబడని ఎవరినో చూసినట్టు, తమలో తాము నవ్వుకొంటారు. అప్పటినుంచే దుఃఖం వచ్చినవారు పక్కన ఎవరూ లేక, తల ఎత్తి, దేవుడు పైన ఉన్నాడని తలచి, “పైవాడా!” అని పిలుస్తారు.

ఈ కథను నేను మా పెద్దమ్మాయి శారదాంబకు చెప్పాను. ఆమె తన కూతురు హైమవతికి చెప్పింది. మా మాతామహుల వ్యాకరణం కూడా అప్పగించాలని చూశాను. హైమవతి సంధులవరకు నేర్చుకొని సమాసాల దగ్గర ఆపివేసింది. మైల పట్టడం మా ఇంట ఇంకా ఉంది. నేను దాన్ని మాన్పించలేదు. చావు జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం వాకిట నిలబడి రావద్దని, లోపలికి వెళ్లి, ఆ ఇంటివారిని పట్టుకొని, వారి చాపమీదనే కూర్చోమని, స్నానం ఇంటికి వచ్చిన తరువాత చేయవచ్చునని చెప్పాను. వారిద్దరూ అలాగే చేస్తున్నారు.